పక్కపక్క గొట్టాల పాత హ్యామర్ తుపాకి: చదవడం, బాగుచేయడం, పేల్చడం
(విశాఖపట్నంలో చేసిన ప్రసంగ పాఠం)

సభలోని పెద్దలకు, మిత్రులకు నమస్కారం.

ఈ సాయంత్రం నేను ఒకే ఒక్క రకం తుపాకి గురించి మాట్లాడదలచుకున్నాను. రెండు గొట్టాలు పక్కపక్కన అతికి ఉండి, వాటి వెనుక రెండు హ్యామర్లు, అంటే తూటాను పేల్చే దెబ్బ వేసే సుత్తుల్లాంటి భాగాలు, బయటికి కనిపిస్తూ, మధ్యకు మడిచి వెనుక నుంచి తూటాలు పెట్టుకునే పాత షాట్‌గన్ అది. ఉత్తరాంధ్రలో పాత తుపాకి అనగానే చాలామందికి 1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు దళం చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి ఠాణాల నుంచి తీసుకుపోయిన తుపాకులు గుర్తుకు వస్తాయి. మరికొందరికి మన్యంలో గొట్టం మూతి నుంచి మందు దట్టించి పేల్చే నాటు తుపాకి కళ్ల ముందు మెదులుతుంది. నేను చెప్పేది ఆ రెండింటికీ చెందదు. విజయనగరం, బొబ్బిలి వంటి సంస్థానాల నీడలో బతికిన కుటుంబాల్లో తాతల కాలం నుంచి ఒక బీరువాలోనో తోలు పెట్టెలోనో ఉండిపోయిన, బర్మింగ్‌హామ్‌లోనో లండన్‌లోనో తయారై కలకత్తా, మద్రాసు దుకాణాల మీదుగా మన జిల్లాకు చేరిన తుపాకి అది. రెండు గొట్టాల నడుమ పొడవునా సాగే మధ్య పట్టీ మీద ఆర్. బి. రోడ్డా, మాంటన్ వంటి కలకత్తా పేర్లు గానీ, పి. ఓర్ అండ్ సన్స్ అనే మద్రాసు పేరు గానీ కనిపించవచ్చు. ఆ పేరు చాలాసార్లు అమ్మినవారిదే. చేసినవారి జాడ గొట్టాల అడుగున వెతకాలి.

అటువంటి తుపాకి చేతికి వచ్చినప్పుడు దాన్ని కొత్తదానిలా మెరిపించాలనే కోరిక దాదాపు అందరికీ పుడుతుంది. ఆ కోరికకు లొంగిపోయిన తుపాకులు ఎన్నో పాడైపోయాయి. నూట నలభై ఏళ్ల కిందటి పనివాడు ఆకురాయితో, ఉలితో చేసిన గీతను ఒకసారి అరగదీస్తే మళ్లీ తెప్పించే శక్తి ఎవరికీ లేదు. అందువల్ల పునరుద్ధరణలో మొదటి పని చూడడం, రెండోది కొలవడం, మూడోది ఏ పని చేయకూడదో తేల్చుకోవడం. ఈ మూడూ అయ్యాక మిగిలే పని సాధారణంగా చాలా తక్కువగా ఉంటుంది, ఆ కొద్ది పనినే ఓపికగా చేయాలి.

అన్నిటికంటే ముందు చట్టం గురించి స్పష్టంగా చెప్పుకోవాలి. నూరేళ్లు దాటినంత మాత్రాన, గోడకు అలంకారంగా వేలాడుతున్నంత మాత్రాన తుపాకికి మినహాయింపు రాదు. 1959 ఆయుధాల చట్టంలోని 45వ సెక్షన్ మినహాయించేది, కాలం చెల్లిన రకానికి చెందినవో, పురాతన విలువ కలిగినవో, శిథిలమైనవో అయి ఉండి, మరమ్మతు చేసినా చేయకపోయినా తుపాకిగా పనికిరాని స్థితిలో ఉన్న ఆయుధాలను మాత్రమే. పేలే తుపాకికి, పేలేలా బాగుచేయగల తుపాకికి లైసెన్సు ఉండి తీరాలి. 5వ సెక్షన్ ప్రకారం తుపాకుల మరమ్మతుకు, పరీక్షకు కూడా లైసెన్సు అవసరం. 6వ సెక్షన్ ప్రకారం అనుమతి లేకుండా గొట్టాన్ని పొట్టిచేయడం నేరం. 2019 సవరణ తర్వాత ఒక వ్యక్తి వద్ద ఉండదగిన తుపాకులు మూడు నుంచి రెండుకు తగ్గాయి, లైసెన్సు గడువు మూడేళ్ల నుంచి ఐదేళ్లకు పెరిగింది. కాబట్టి తుడవడం, నూనె రాయడం, కొయ్యను సంరక్షించడం యజమాని పని. గొట్టాలనూ లోపలి యంత్రాన్నీ ముట్టుకోవలసిన పని లైసెన్సున్న మరమ్మతుదారు పని. ఆయన పక్కన కూర్చుని చూడడానికి, ప్రశ్నలు అడగడానికి, వద్దన్నచోట వద్దని చెప్పడానికి మాత్రం మనకు హక్కుంది. ఆ హక్కును గట్టిగా వాడుకోవాలని నా మనవి.

ఈ తుపాకి ఎక్కడి నుంచి వచ్చిందో కొంత తెలుసుకుంటే దాన్ని చదవడం తేలికవుతుంది. 1830ల మధ్యలో పారిస్‌లో కాజిమీర్ లెఫోషు అనే పనివాడు, గొట్టాలు కీలు మీద కిందికి వంగి వెనుక నుంచి తూటా తీసుకునే పద్ధతిని రూపొందించాడు. ఆయన తూటా పక్కనుంచి ఒక చిన్న సూది బయటికి పొడుచుకు ఉండేది, హ్యామర్ దాని మీద పడేది. 1851లో లండన్‌లో జరిగిన మహా ప్రదర్శనలో దీన్ని చూసిన తర్వాతే ఇంగ్లండు పనివారు ఈ దారి పట్టారు. అక్కడి నుంచి మార్పులు వేగంగా వచ్చాయి. 1859లో బర్మింగ్‌హామ్‌కు చెందిన హెన్రీ జోన్స్ గొట్టాలను బిగించి ఉంచే అడుగు మీటకు పేటెంటు పొందాడు. 1861లో జార్జ్ డా, మందును అంటించే చిన్న క్యాపు అడుగు మధ్యలో ఉండే తూటాను ఇంగ్లండులో ప్రచారంలోకి తెచ్చాడు. 1863లో జేమ్స్ పర్డీ రెండు గాళ్లలోకి జారే గడియను, 1865లో స్కాట్ ఆ గడియను పైమీటతో కలిపే ఇరుసును తెచ్చారు. 1867లో వుల్వర్‌హాంప్టన్‌కు చెందిన జాన్ స్టాంటన్, దెబ్బ వేసిన వెంటనే హ్యామర్ తనంతట తాను కొంచెం వెనక్కి వచ్చి నిలిచే లాక్‌కు, అంటే హ్యామర్‌ను నడిపే యంత్రానికి, పేటెంటు తీసుకున్నాడు. 1875లో ఆన్సన్, డీలీ అనే ఇద్దరు హ్యామర్లను లోపలే దాచేసిన యంత్రాన్ని కనిపెట్టడంతో కొత్త ఫ్యాషన్ మొదలైంది.

అంటే ఈ తుపాకి పరిపూర్ణత పొందడానికీ, పాతబడిపోయిందని అనిపించుకోవడానికీ మధ్య ఉన్న కాలం చాలా కొద్దిది. అయినా దాన్ని వదలనివారు ఉన్నారు. మన పెద్దలు ప్రేమతో తలచుకునే వైస్రాయి రిప్పన్ ప్రభువు కుమారుడు, రెండో మార్క్వెస్ ఆఫ్ రిప్పన్, తన కాలంలో ఇంగ్లండులోకెల్లా గొప్ప గురికాడని పేరు పొందినవాడు, పర్డీ చేసిన హ్యామర్ తుపాకులనే వాడాడు, 1923లో వేట మైదానంలోనే మరణించాడు. ఐదవ జార్జి చక్రవర్తి కూడా హ్యామర్ తుపాకులనే ఇష్టపడ్డాడు. తండ్రి రిప్పన్ ఇక్కడ లిట్టన్ తెచ్చిన దేశభాషా పత్రికల చట్టాన్ని తొలగించాడు గానీ, అదే లిట్టన్ 1878లో తెచ్చిన ఆయుధాల చట్టం మాత్రం అలాగే నిలిచింది. మన జిల్లాలో ఈ తుపాకులు గొప్పవారి ఇళ్లలోనే మిగలడానికి ఆ చట్టం కూడా ఒక కారణమని నేను అనుకుంటాను.

ఇక తుపాకిని చదవడం గురించి చెబుతాను. అన్నిటికంటే ముందు గొట్టాల్లో తూటాలు లేవని చూసుకోవాలి. ఈ మాట ఎన్నిసార్లు చెప్పినా తక్కువే, ఎందుకంటే దశాబ్దాలు పెట్టెలో పడి ఉన్న తుపాకిలో తూటా మిగిలి ఉండడం అసాధ్యం కాదు. తర్వాత గొట్టాలను విడదీసి, వాటి అడుగున చదునుగా ఉన్న భాగాన్ని వెలుతురులో చూడాలి. అక్కడ ప్రూఫ్ ముద్రలు ఉంటాయి. లండన్‌లోని తుపాకి పనివారి సంఘానికి 1637లోనే రాజశాసనం లభించింది; బర్మింగ్‌హామ్ ప్రూఫ్ హౌస్ 1813లో ఏర్పడింది. అమ్మకానికి ముందు ప్రతి గొట్టాన్నీ మామూలుకంటే ఎక్కువ మందుతో పేల్చి, తట్టుకున్నదాని మీదే ముద్ర వేసేవారు. కిరీటం కింద ఒకదానిపై ఒకటి అడ్డంగా ఉన్న రాజదండాలు కనిపిస్తే అది 1904కు ముందరి బర్మింగ్‌హామ్ పని. కిరీటం కింద బి.పి., బి.వి. అక్షరాలు ఉంటే ఆ తర్వాతిది. ఎన్.పి. అనే అక్షరాలు గానీ నైట్రో ప్రూఫ్ అనే మాట గానీ ఉంటే, ఆ గొట్టాలు పాత నల్ల తుపాకిమందు తర్వాత వచ్చిన పొగలేని మందుతో కూడా పరీక్షకు నిలిచాయని అర్థం. 1875 నిబంధనల తర్వాత, మూతి దగ్గర ఇరుకుగా ఉన్న గొట్టాల మీద నాట్ ఫర్ బాల్ (ఒంటి గుండుకు కాదు) అని, 1887 నుంచి చోక్ అని కొట్టేవారు. ఈ ముద్రల సహాయంతో తుపాకి వయసును కొద్ది ఏళ్ల తేడాతో చెప్పవచ్చు.

ఆ ముద్రల పక్కనే 12, 13, లేదా 13 కింద 1 అనే అంకెలు ఉంటాయి. ఇవి గొట్టం లోపలి వ్యాసానికి గుర్తులు. ఒక పౌను సీసంతో పన్నెండు సమానమైన గుండ్లు పోస్తే ఒక్కో గుండు వ్యాసం ఎంతో అది 12 బోర్, అంటే సుమారు 18.5 మిల్లీమీటర్లు. 13 అంటే సుమారు 18.0, 13/1 అంటే సుమారు 18.3, 12/1 అంటే సుమారు 18.8. ఈ కొలత వెనుక చివర నుంచి తొమ్మిది అంగుళాల లోపల తీసుకోవాలి. ముద్రలో 13 అని ఉండి కొలతలో 18.5 వస్తే, మధ్యలో ఎవరో తుప్పు గుంటలు పోగొట్టడానికి లోపలి నుంచి లోహాన్ని గీకేశారని అర్థం. అద్దంలా మెరిసే లోపలి భాగాన్ని చూసి మురిసిపోకూడదు. ఆ మెరుపు కోసం ఎంత లోహం పోయిందో కొలిచి చూడాలి. గొట్టం గోడ మందం అన్నిటికంటే ముఖ్యమైన కొలత. మూతి వైపు సాగే పల్చని భాగంలో కూడా అది అర మిల్లీమీటరు కంటే తగ్గితే, ఆ తుపాకిని పేల్చే ఆలోచన మానుకోవాలని నేను నిస్సంకోచంగా చెబుతాను.

గొట్టాల విషయంలో కొంచెం ఆగాలి, ఎందుకంటే ఈ తుపాకి అందమూ ప్రమాదమూ రెండూ అక్కడే ఉన్నాయి. ఆ కాలపు గొట్టాల్లో చాలావరకు డమాస్కస్ గొట్టాలు. ఇనుము, ఉక్కు పలకలను పొరలు పొరలుగా అతికి, కడ్డీలుగా సాగదీసి, ఆ కడ్డీలను మెలితిప్పి, రెండు మూడింటిని పక్కపక్కన చేర్చి రిబ్బనులా చేసి, ఆ రిబ్బనును ఒక ఇనుప కడ్డీ చుట్టూ సర్పిలంగా చుట్టి, ఎర్రగా కాల్చి సమ్మెటతో కొట్టి ఒకే గొట్టంగా అతికేవారు. కత్తులకు ప్రసిద్ధి పొందిన డమాస్కస్ ఉక్కు వేరు. దానికి ముడిసరుకు మన తెలుగునేల మీదే, నిజామాబాద్ జిల్లా కోనసముద్రం వంటి ఊళ్లలో, మూసల్లో కరిగి తయారయ్యేది. తుపాకి గొట్టాల్లోని అల్లిక మాత్రం అతుకు పనితో వచ్చినది. బెల్జియంలోని లీజ్, ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్ పట్టణాల్లో తరాల తరబడి ఈ పని చేసినవారి చేతుల్లో అతుకు ఎక్కడుందో కనిపించనంతగా కుదిరేది. ఆ అల్లిక పైకి కనిపించడానికి గొట్టాన్ని పదేపదే సన్నగా తుప్పు పట్టించి, ఆ తుప్పును తుడిచి గోధుమ రంగు తెచ్చేవారు. ఇనుము ఒక రకంగా, ఉక్కు మరో రకంగా తుప్పును స్వీకరించడం వల్ల వలలాంటి నమూనా తేలుతుంది.

డమాస్కస్ గొట్టాలన్నీ పేల్చడానికి పనికిరావని ఒక అభిప్రాయం ప్రచారంలో ఉంది. అది అతిగా చెప్పిన మాట. మంచి డమాస్కస్ గొట్టాలు అనేకం బర్మింగ్‌హామ్‌లో పొగలేని మందు పరీక్షకు నిలిచి ముద్ర పొందాయి. అయితే ఆ మాట మన చేతిలోని గొట్టానికి కూడా వర్తిస్తుందని తేలాలంటే ఈనాటి కొలత, ఈనాటి పరీక్ష ఉండాలి. నల్ల తుపాకిమందు మసి, పాత క్యాపుల్లోని లవణాలు, ఆ పైన మన సముద్రపు గాలి కలిసి అతుకుల వెంబడి లోపలికి తినేస్తాయి. బయట చక్కగా కనిపించే గొట్టానికి లోపల గుంటలు ఉండవచ్చు.

మధ్య పట్టీలు గట్టిగా ఉన్నాయో లేదో తెలుసుకోవడానికి ఒక పాత పద్ధతి ఉంది. గొట్టాలను అడుగునున్న కొక్కెం దగ్గర తాడుకట్టి వేలాడదీసి, వేలి కణుపుతో తట్టాలి. కంచు గంటలా మోగి శబ్దం కాసేపు నిలిస్తే టంకం బాగున్నట్టు. బొంగురుగా జీరపోతే ఎక్కడో పట్టీ ఊడినట్టు. ఈ గొట్టాలనూ పట్టీలనూ కలిపి ఉంచేది మెత్తని టంకమే కాబట్టి, నేటి తుపాకులకు నల్లరంగు పట్టించే మరిగే లవణాల తొట్టిలో వీటిని ఎన్నడూ ముంచకూడదు. ఆ లవణాలు టంకాన్ని తినేస్తాయి, పట్టీల కింద దాక్కుని లోపలి నుంచి తుప్పు తెస్తాయి, డమాస్కస్ నమూనా శాశ్వతంగా మాసిపోతుంది. మరమ్మతు దుకాణంలో ఈ మాట ముందే చెప్పి, కాగితం మీద రాయించుకోవడం మంచిది.

ఇప్పుడు పక్కలనున్న లాక్ పలకల సంగతి. హ్యామర్ కింద ఉన్న పలకను విప్పితే లోపల ఒక వంగిన స్ప్రింగు, హ్యామర్‌ను తిప్పే గుండ్రని భాగం, దాని గాడిలో పడే చిన్న పన్ను, వీటిని పట్టి ఉంచే వంతెన కనిపిస్తాయి. స్ప్రింగు హ్యామర్‌కు ముందు వైపు ఉంటే ఒక పద్ధతి, వెనుక వైపు ఉంటే మరో పద్ధతి. వెనుక ఉన్నప్పుడు గొట్టాల కింది దిమ్మలో లోహాన్ని తక్కువగా తొలవాలి కనుక అది బలంగా ఉంటుంది, అందుకే బరువైన తుపాకుల్లో ఆ పద్ధతి ఎక్కువ. ట్రిగ్గర్ నొక్కిన తర్వాత హ్యామర్ క్యాపును కొట్టే సూది మీదే ఆనుకుని ఉండిపోతే అది స్టాంటన్‌కు ముందరి పద్ధతి. అటువంటి తుపాకిని తెరిచే ముందు హ్యామర్లను సగం ఎత్తుకు లాగాలి, లేకపోతే సూదులు విరుగుతాయి. దాన్ని తర్వాతి పద్ధతికి మార్పించాలని కొందరు అడుగుతారు. ఆ తుపాకి వయసును చెప్పే సాక్ష్యం అది. దాన్ని చెరిపివేయడం నాకు ఎంతమాత్రం ఇష్టం లేదు.

మరల (స్క్రూల) విషయంలో చాలామంది పొరపడతారు. ఆనాటి మరల తలల్లోని గాళ్లు చాలా సన్ననివి, చాలావరకు గొట్టాల దిశలో ఒకే వరుసలో నిలిచేలా ఒక్కొక్కటి విడిగా చేసినవి. అంగట్లో దొరికే మరతిప్పితో తిప్పితే అంచులు చెదిరిపోతాయి. ప్రతి గాడికీ సరిపోయేలా మరతిప్పి మొనను రాతి మీద అరగదీసి, రెండు రోజుల ముందే పల్చని నూనె చుక్క వేసి నానబెట్టి, అప్పుడు తిప్పాలి. తీసిన ప్రతి మరనూ తన స్థానం గీసిన అట్టముక్కలో గుచ్చి ఉంచాలి, ఎందుకంటే పక్క రంధ్రానికి చెందినది ఇక్కడ సరిపోదు. ప్రధాన స్ప్రింగును బిగింపు పరికరం లేకుండా ఊడదీయకూడదు. అది విరిగితే కొత్తదాన్ని చేతితో చేయించాలి, గట్టిపరచి నూనెలో మండించి పదును తెప్పించాలి. ఆ పని తెలిసినవారు ఇప్పుడు చాలా అరుదు.

కొయ్య సంగతికి వస్తే, విశాఖవాసులకు దీని గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. పద్దెనిమిదో శతాబ్దంలో ఈ ఊళ్లో దంతం పొదిగి చేసిన సామాను ఈనాడు లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉంది. పాత కొయ్యపై కొత్త పాలిష్ ఏం చేస్తుందో మనకు తెలుసు. తుపాకి కొయ్య సాధారణంగా అక్రోటు కర్ర. లాక్ పలకల దగ్గర కొయ్య లోహం కంటే వెంట్రుకవాసి ఎత్తుగా ఉండేలా పనివాడు వదిలాడు. గరుకు కాగితంతో ఒక్కసారి రుద్దితే ఆ ఎత్తు పోయి, లోహం అంచు బయటికి పొడుచుకు వస్తుంది, చేతిపట్టు దగ్గరున్న గళ్ల చెక్కడం మొద్దుబారుతుంది. అందువల్ల గరుకు కాగితం వద్దు, మెలమైన్, పాలియూరిథేన్ పూతలు వద్దు, ఏటికొప్పాక బొమ్మలకు అంత అందాన్నిచ్చే లక్క కూడా ఇక్కడ వద్దు. ఏళ్ల తరబడి యంత్రం నూనె పీల్చి నల్లబడిన చోట సుద్దపొడిని ద్రావకంతో ముద్దచేసి అద్ది, ఆరనిచ్చి, దులిపి, మళ్లీ అద్దితే ఆ నూనె మెల్లగా పైకి వస్తుంది. నొక్కుకుపోయిన చోట తడిగుడ్డ పరిచి వేడి ఇస్త్రీపెట్టె మొన తాకిస్తే పీచు ఉబ్బి పైకి లేస్తుంది. ఆ తర్వాత ఉడికించిన అవిసె నూనెను చుక్కలుగా వేసి అరచేతితో, వేడి పుట్టేదాకా రుద్దాలి. మరుసటి పూత ముందుది పూర్తిగా ఆరాకే. వానాకాలంలో మన ఊళ్లో ఒక్కో పూత ఆరడానికి వారం పట్టవచ్చు, కాబట్టి ఈ పనికి డిసెంబరు నుంచి మార్చి వరకు అనువైన కాలం.

ఇంత చేశాక పేల్చడం ఎలా అన్న ప్రశ్న వస్తుంది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం తర్వాత ఈ తుపాకికి మన దేశంలో మిగిలిన గౌరవప్రదమైన వాడకం షూటింగ్ రేంజ్‌లో ఎగిరే క్లే పలకలను కొట్టడమే, అది చాలా మంచి వాడకం. తూటా ఎంపికలో ఒక మోసం ఉంది. పాత తుపాకుల తూటా గది చాలావరకు 65 మిల్లీమీటర్లు. ఈనాడు దొరికే తూటాలు 70. ఈ కొలత పేలిన తర్వాతి పొడవుకు చెందినది, కాబట్టి పేలని 70 తూటా ఆ పొట్టి గదిలో ఏ ఇబ్బందీ లేకుండా ఇమిడిపోతుంది. పేలినప్పుడు మాత్రం దాని మూతి విచ్చుకోవడానికి చోటు చాలక గొట్టంలోకి తోసుకుపోయి, ఒత్తిడి పెరుగుతుంది. అందువల్ల గదిని కొలవకుండా తూటా కొనకూడదు. తుపాకికి తగిన పొట్టి తూటా, తక్కువ ఒత్తిడి మందు, సుమారు 28 గ్రాములు లేదా అంతకంటే తక్కువ సీసపు గుళ్లు, ఇవే దానికి సరైన ఆహారం. ఉక్కు గుళ్లు ఎంతమాత్రం పనికిరావు. అనుభవజ్ఞులైన పరీక్షకులు సరే అనేదాకా తూటా పెట్టవద్దు.

ఇక దాన్ని చేతబట్టిన ఆనందం. మంచి 12 బోర్ తుపాకి మూడు కిలోల చుట్టూ ఉంటుంది, ఆ బరువంతా రెండు చేతుల మధ్యకు చేరుతుంది. భుజానికి ఎత్తినప్పుడు అది మన కన్ను చూసే వైపుకే వెళ్తుంది. రేంజ్‌లో మూతి ముందుకు ఉన్నాకే బొటనవేలితో హ్యామర్లను ఎక్కుపెట్టాలి. ఆ రెండు క్లిక్కులు వినిపించిన తర్వాత, పైకి లేచిన హ్యామర్ల నడుమ నుంచి మధ్య పట్టీ సన్నగా సాగి చివరి పూస దాకా కన్నును నడిపిస్తుంది. ముందు ట్రిగ్గర్ కుడి గొట్టానిది, అది సాధారణంగా దగ్గరి గురికి. వెనుకది ఎడమ గొట్టానిది, దూరపు గురికి. పలక దూరమయ్యేలోగా ఏ గొట్టమో నిర్ణయించుకోవడం వేలి పని అయిపోతుంది, దానికి కొంత సాధన కావాలి. పేల్చకుండా హ్యామర్‌ను దించాల్సి వస్తే ముందు తుపాకిని తెరిచి తూటాలు తీసేసి, అప్పుడు బొటనవేలితో పట్టి మెల్లగా దించాలి. ఎక్కుపెట్టిన తుపాకితో ఒక్క అడుగు కూడా వేయకూడదు. ఈ తుపాకిలో ప్రతి స్థితీ కంటికి కనబడుతుంది: అది సిద్ధంగా ఉందో, నిద్రలో ఉందో దూరం నుంచి చూసిన వారికి కూడా తెలుస్తుంది. హ్యామర్ తుపాకి మీద నాకున్న మమకారానికి అది ఒక పెద్ద కారణం.

సంరక్షణ గురించి మన ఊరికి తగిన రెండు మాటలు చెప్పాలి. ఉప్పుగాలి ఉన్నచోట చేతి చెమట ఒక్క రాత్రిలో వేలిముద్రను తుప్పుగా మారుస్తుంది, కాబట్టి పట్టుకున్న ప్రతిసారీ నూనె గుడ్డతో తుడవాలి. నల్ల తుపాకిమందు వాడితే ముందు వేడినీళ్లతో కడిగి, ఆరబెట్టి, తర్వాతే నూనె. తోలు పెట్టె ఎంత అందమైనదైనా తేమను పట్టి ఉంచుతుంది, ప్రదర్శనకు తప్ప నిల్వకు పనికిరాదు. బీరువాలో మూతి కిందికి ఉండేలా నిలబెడితే నూనె కొయ్యలోకి దిగదు. ఎన్నికల సమయంలో తుపాకులను ఠాణాలో గానీ లైసెన్సున్న డీలరు వద్ద గానీ డిపాజిట్ చేయవలసి రావచ్చు. నెలల తరబడి గుడ్డసంచిలో ఉండవలసిన తుపాకికి చిక్కని గ్రీజు పల్చగా పట్టించి, గొట్టాల్లో నూనె గుడ్డ దూర్చి, హ్యామర్లు దించి, స్థితిని ఫొటోలు తీసి, రసీదు మీద నంబరుతో పాటు రాయించుకుని ఇవ్వండి. వీలుంటే డీలరు వద్దే పెట్టడం మేలు.

చివరగా వారసత్వం. 2016 ఆయుధాల నియమాల ప్రకారం లైసెన్సుదారు మరణించినా, డెబ్బై ఏళ్లు దాటినా, ఆ తుపాకిని ఇరవై ఐదేళ్లు కలిగి ఉన్నా, కుటుంబంలో అర్హులైన వారసునికి లైసెన్సు కోసం దరఖాస్తు చేయవచ్చు. ఈ వీలు ఉందని తెలియక అనేక కుటుంబాలు తాతగారి తుపాకిని శాశ్వతంగా అప్పగించేస్తున్నాయి. మీ ఇంట్లో అటువంటిది ఉంటే, లైసెన్సు పుస్తకం గడువు ముందుగా చూడండి, తర్వాత గొట్టాల అడుగు ముద్రల ఫొటోలు తీయండి, కొలతలను ఒక పుస్తకంలో రాసి తుపాకితో పాటే ఉంచండి. తర్వాతి తరంవారు ఏ మరమ్మతు చేయించాలన్నా వారికి ముందు కావలసింది ఆ పుస్తకమే.

ఇప్పుడు మీ ప్రశ్నలు వింటాను. నమస్కారం.